తవ్వకుండా వదిలిన పుట్టగొడుగులు

1963లో, వానలు మొదలైన కొత్తలో, అడవి పుట్టగొడుగుల సేకరణకు బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెకు వెళ్లాను. బెంగుళూరులో ఒక వృక్ష సంగ్రహాలయంలో సహాయకురాలిగా చేరాక ఒంటరిగా వెళ్లిన మొదటి పని అది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెదురు. అక్కడ నేను దిగిన రైతు ఇంట్లో అత్తాకోడళ్లే మాట్లాడారు.

"తినేదానికి కాదా? ఎండబెట్టి పెట్టెలో పెట్టేదానికా?" అని అత్త చౌడమ్మ నవ్వింది. "పుట్టకొక్కులు ఏరేదానికి సర్కారు జీతమిస్తాండాది, సూడు రత్నా!"

"ఇన్నేండ్లూ నేను ఊరికే ఏరితినే అత్తా!" అంది కోడలు రత్న.

దొడ్డి వెనక కానుగ చెట్టు కింద చాలా ఉన్నాయని రత్న నన్ను తీసుకుపోయింది. చౌడమ్మ పశువులకు కుడితి పెడుతూ ఉండిపోయింది.

పుట్టగొడుగు కోసిన కాసేపటికే రంగూ వాసనా మారతాయి. అందుకే ఉన్నచోటే కూర్చుని వివరాలు రాసుకోవాలి. గొడుగును కాగితం మీద పెడితే పొడి రాలి ముద్ర పడుతుంది. దాన్ని స్పోర్ ప్రింట్ అంటారు. ఆ చెట్టు కింద ఉన్న రకానికి ఇంకొకటి కూడా కావాలి: నేల లోపల చెదల గూటి దాకా దిగే, వేరులాంటి పొడవాటి భాగం. దాని పేరు స్యూడోరైజా. అది తెగకుండా రావాలంటే లోతుగా తవ్వాలి. అది లేకుండా స్పెసిమెన్ తేవద్దని మా సార్ చెప్పి పంపారు.

నేను రాసుకోవడం అయ్యాక రత్న అక్కడున్న బండరాయిని పక్కకు దొర్లించి గడ్డపార వేసింది. ఒక మట్టిపెళ్ల లేచిందో లేదో చౌడమ్మ కేక వినబడింది.

"ఆడ వద్దు! యాడన్నా తవ్వుకోండి, ఆడ మాత్రం వద్దు!"

పరుగున వచ్చి గడ్డపార పట్టుకుంది.

"ఏంటికత్తా?"

 చౌడమ్మ చూపు ఆ రాయి మీదే ఉంది. రత్న గడ్డపార వదిలేసింది.

"వాడు ఈడుండాడా?"

రత్నకు పుట్టిన మగబిడ్డ పురిట్లోనే పోయాడనీ, బాలింతకు తెలియకుండా మగవాళ్లు తీసుకుపోయి పూడ్చారనీ వాళ్ల మాటల్ని బట్టి నాకు అర్థమైంది.

"వంకకాడ పెట్టినామంటిరి గదా?"

"ఇంటెనకే అని తెలిస్తే నువ్వు ఈడ్నించి లేస్తావా తల్లీ? అందుకే అట్ల చెప్తిమి."

"వంకకు నీళ్లొచ్చినప్పుడల్లా కొట్టుకోని పోతాడేమో అని నా ప్రాణం పోతాండె అత్తా."

చౌడమ్మ అక్కడే చతికిలబడింది. "అంత దూరం తోచకపాయ నాకు," అంది.

నేను లేచిన మట్టిపెళ్లను దాని చోట పెట్టి అదిమాను. రాయిని ముగ్గురం కలిసి వెనక్కి దొర్లించాం. పైనున్న గొడుగులైనా కోసుకోవచ్చా అని నేను అడగలేదు. రత్నే అంది:

"ఇవి ఉండనీమ్మా. ఉన్నన్నాళ్లు ఉండనీ."

బెంగుళూరు చేరాక మా సార్ నేను రాసుకున్న వివరాలు చూసి, "మరి స్పెసిమెన్ ఏదీ?" అన్నారు. "తవ్వకూడని చోటు సార్," అన్నాను. ఆయన చిరాకుపడ్డారు.  ఆ రకం మాకు తరువాతెప్పుడో చింతామణి వైపు దొరికింది.

ఇప్పుడు ఏ పల్లెకు వెళ్లినా, గడ్డపార అడగక ముందు ఆ ఇంటి పెద్దామెను పక్కకు పిలిచి, ఎక్కడ తవ్వకూడదో అడుగుతాను. పుట్టగొడుగులున్న చోటు చూపించినవాళ్లకు ఆ చోటు సంగతి అంతా తెలిసే ఉంటుందని అనుకోను.