తోపు పిండి సంగతి

ఆ వ్రతం రోజు మా ఇంట్లో బూరెలు చెడిపోయింది నా భార్య వల్ల కాదు, నా వల్ల. ఈ మాట నోటితో చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు. అందుకే రాస్తున్నాను.

మాది కోస్తా. శుభకార్యమంటే పూర్ణం బూరెలు ఉండాల్సిందే. ఉడికించిన శనగపప్పు, బెల్లం కలిపి ఉండలు చేసి, బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో ముంచి నూనెలో వేస్తారు. ఆ పిండిని మా వైపు తోపు అంటారు. నా భార్యది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. వాళ్లింట్లో పండగకి బక్షాలు, అంటే మా బొబ్బట్లు, చేసి పెనం మీద కాలుస్తారు. బూరెలు వేయడం ఆమెకు పెళ్లికి ముందు తెలియదు.

ఎల్బీ నగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న ఏడాది మా ఇంట్లో మొదటి వరలక్ష్మీ వ్రతం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా అక్క తన అత్తవారి తరఫు ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వస్తానంది. నా భార్య అక్కకు మూడుసార్లు ఫోన్ చేసి కొలతలు అడిగి, క్యాలెండర్ వెనక రాసుకుంది. రాత్రే అన్నీ నానబోసింది. తెల్లారి రుబ్బుదామని స్విచ్ వేస్తే మిక్సీ పొగలొచ్చి ఆగిపోయింది.

"కొత్తపేట గిర్నీల తడిపిండి పడతరు. నేను పోయి పట్టించుకొస్త," అంది.

"నువ్వు పూజ సంగతి చూసుకో. నేను తెస్తాగా," అన్నాను.

గిర్నీ అంటే పిండిమర; దాని ముందు గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ల బారు. అందులో మగవాణ్ని నేనొక్కణ్నే. పది నిమిషాలు నిలబడ్డాను. బారు కదల్లేదు, నాకు చిరాకు పుట్టింది. పక్క కొట్లో దోశ పిండి ప్యాకెట్లు కనబడ్డాయి. పిండి పిండే కదా అనుకున్నాను. బూరెలు తినడమే కానీ చేస్తుంటే ఏనాడూ చూడనివాడికి వచ్చే ధైర్యం అది. ఆమె కడిగి, నానబెట్టిన బియ్యం, పప్పు సందు చివర చెత్తకుండీలో పోశాను. నాలుగు ప్యాకెట్లు కత్తిరించి గిన్నె నింపాను.

ఇంటికి రాగానే ఆమె మూత తీసి చూసింది. "ఏంది, గింత పల్చగున్నది? పుల్లవాసన గూడ ఒస్తున్నది."

"గిర్నీవాడు నీళ్లెక్కువ పోశాడు," అన్నాను. ఆమె నమ్మింది.

ఆ పిండి ఉండలకు పట్టలేదు. నూనెలో వేయగానే పూర్ణం బయటికి వచ్చి, బెల్లం మాడి, మూకుడంతా నల్లబడింది. చిటపటలాడిన నూనె ఆమె మణికట్టు మీద పడింది. అక్క వంటింట్లోకి తొంగిచూసి, "ఇవేంటమ్మాయ్, బూరెలా బొగ్గులా?" అంది. హాల్లో నవ్వులు. అమ్మవారికి చివరికి అరటిపళ్లు నైవేద్యం పెట్టాం.

ఆ తర్వాత మా వాళ్లు ఎక్కడ కలిసినా ఆ కథే. ఎవరింట్లో ఏ పని జరిగినా నా భార్యకు కూరగాయలు తరగడం అప్పజెప్పేవారు. మూకుడు దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆమె కూడా కత్తిపీట లాక్కుని దూరంగా కూర్చోవడం అలవాటు చేసుకుంది.

మొన్న శ్రావణంలో అక్క ఇంట్లో పూజ. మనిషి తక్కువైందని నా భార్య గరిటె అందుకోబోయింది. "నువ్వొద్దులే తల్లీ, నూనె ధర మండిపోతోంది," అంది అక్క. అందరూ నవ్వారు. నేనిక ఆగలేక ప్యాకెట్ల సంగతంతా చెప్పేశాను.

మా బావ పగలబడి నవ్వాడు. "ఇన్నాళ్లకి పెళ్లాం మీద ప్రేమ పొంగిందిరోయ్ మా బావమరిదికి!"

"నిజం బావా, నేనే..."

"వెనకేసుకు రారా, తప్పులేదు," అంది అక్క. "కానీ ఇలాంటి కథలు చెప్పకు, నవ్విపోతారు."

ఒట్టేశాను. గొంతు పెంచాను. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్లకు అంత వేడుకైంది. నా భార్య తల ఎత్తకుండా బీరకాయ చెక్కు తీస్తూనే ఉంది.

కళ్లారా చూపిస్తే కానీ నమ్మరనుకున్నాను. ఆ ఆదివారం అక్కను, బావను ఇంటికి పిలిచాను. దోశ పిండి ప్యాకెట్ వాళ్ల ముందే కత్తిరించి, పూర్ణం ఉండలు ముంచి నూనెలో వదిలాను. పగలాలని నిలబడి చూస్తున్నాను. ఒక్కటీ పగల్లేదు. ఆనాటిలా పులిసి పల్చబడింది కాదు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గట్టి పిండి అది. కొంచెం వంకరగానైనా అన్నీ ఎర్రగా తేలాయి.

అక్క ఒకటి కొరికింది. "బానే ఉన్నాయిరా. ప్యాకెట్ పిండితో నీకే వచ్చాయంటే, ఆ రోజు తప్పు పిండిది కాదన్నమాట."

నాకు ఒళ్లు మండిపోయింది. చిల్లుగరిటె గట్టు మీద విసిరేశాను. ఆమె మీద మచ్చ చెరిపేద్దామనుకుంటే నా చేతులతోనే ఇంకాస్త గట్టిగా అద్దినట్టయింది.

అప్పుడు నా భార్య లేచి వచ్చింది. "పిండి సంగతి ఇడిసిపెట్టుండ్రి," అంది నాతో. "గా దినం హాల్ల గూసోని మీరేమన్నరో గది చెప్పుండ్రి వదినకు. నాకు ఇనొచ్చింది."

నేను ఇక్కడ కూడా రాయకుండా దాటేద్దామనుకున్నది అదే. ఆ రోజు హాల్లో నవ్వులు లేవడానికి కారణం అక్క మాట కాదు. బూరెలు చెడిపోయాయని తెలియగానే, ఎవరైనా ఆరా తీస్తారేమోనన్న భయంతో ముందుగా నోరు తెరిచింది నేను. "మగ్గాల చేతులకు మూకుడేం తెలుస్తుంది లెండి," అన్నాను. వాళ్ల నాన్న నేసిన చీరే కట్టుకుని ఉంది ఆమె ఆ రోజు.

అక్క ముందు ఆ మాట మళ్లీ ఉన్నదున్నట్టు పలికాను. బావ నవ్వబోయి ఆగాడు. అక్క, "నువ్వా అన్నది? తర్వాత అందరూ అంటుంటే మా తోడికోడలి మాట అనుకున్నానే ఇన్నాళ్లూ," అంది మెల్లగా.

నా భార్య స్టవ్ కట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోయింది. కాసేపటికి అక్క లేచి ఆమె దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.