వైఫై ఆపి పెళ్లిచూపులు

మా షాహీన్ ఆపా పెళ్లి చెడగొట్టడానికి శత్రువులెవరూ అక్కర్లేకపోయింది. తమ్ముణ్ని నేనున్నాను కదా! ఆ ఘోరం చెబుతాను, నవ్వుకోండి. మీ ఇంట్లోనూ నాలాంటివాడు ఒకడుంటే మాత్రం ఇప్పుడే జాగ్రత్తపడండి.

వరంగల్ సుబేదారిలో మా ఇల్లు. అబ్బాయివాళ్లూ వరంగల్ వాళ్లే, బెంగళూరులో స్థిరపడ్డారు. ముందు వీడియోలో చూసుకుందామన్నారు. ఆపాకు ఆ సంబంధం తెగ నచ్చింది. పైకి చెప్పదు గానీ, పొద్దుటి నుంచి దుపట్టాలు మార్చిందే మార్చింది. ఇంటిల్లిపాదీ కనబడాలని నా ల్యాప్‌టాప్ పెట్టారు, వచ్చిన చిక్కల్లా దానితోనే. దాన్ని ఆన్ చేసి బిర్యానీ పొయ్యి మీద పెడితే బిర్యానీయే ముందు అయ్యేది.

"ఏందిరా రఫీ, ఇది లేస్తదా లేదా? నీలెక్కనే మొద్దునిద్ర పోతాంది," అంది అమ్మీ.

"ఇంజనీరింగ్ చదువుతాన అమ్మీ, ఫికర్ చెయ్యకు!"

నిజంగానే దాని రోగం కనిపెట్టేశాను! హాస్టల్లో స్నేహితుల కంప్యూటర్లతో కలిపిన ఫోల్డర్ ఒకటుంది. ల్యాప్‌టాప్ లేస్తూనే దాన్ని మా ఇంటి వైఫైలో వెతుక్కుంటూ, దొరక్క, అక్కడే బోలెడంతసేపు ఆగిపోతోంది. ఆ ఫోల్డర్ తీసేస్తే సరిపోయేది. నేను ల్యాప్‌టాప్‌లో వైఫైనే ఆపేశాను. ల్యాప్‌టాప్ కట్టేసి మళ్లీ ఆన్ చేస్తే చిటికెలో తెర వెలిగింది!

ఎగిరి గంతేశాను. అబ్బాకు చూపించాను, ఆపాకు చూపించాను, అప్పుడే గడపలో కాలు పెట్టిన మామూకూ చూపించాను. "షాబాష్ బేటా!" అన్నాడు మామూ. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినవాడు కూడా ఆ ఇంటికే చుట్టాలను పిలవలేదు. నేను పిలిచాను.

వేళయింది. ఆపా వచ్చి కూర్చుంది. కాల్ కలవదు! నెట్ లేదంటోంది తెర. కోపంతో నెట్ ఆఫీసుకు ఫోన్ చేశాను.

"అన్నా, మా ఆపా పెళ్లి ఆగితే జిమ్మేదారి మీదే!"

"ఇక్కడంతా మంచిగనే ఉంది తమ్మీ. రూటర్ల లైట్లు వెలుగుతానయా?"

"లైట్లు వెలుగుతానయ్, మా మొఖాలే వెలుగుతలేవు!"

ఇంతలో అబ్బా ఫోన్ మోగింది. అబ్బాయి తండ్రి.

"ఇష్టం లేకపోతే లేదని చెప్పుండ్రి సాబ్. గిట్ల సతాయించుడెందుకు?"

అబ్బా ముఖం పాలిపోయింది. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపాను ఓదారుద్దామని చూస్తే కుర్చీ ఖాళీ!

వంటింట్లో ఉంది. అమ్మీ ఫోన్ నీళ్ల బిందెకు ఆనించి, అబ్బాయితో వీడియోలో పకపకా నవ్వుతోంది.

"ఆపా! నీకు నెట్ ఎట్లొచ్చింది?"

"ఇది ఫోన్ నెట్రా. నువ్వు బంద్ చేసింది వైఫై కదా? నాకు సుత చూపిస్తివి, మర్చినవా?"

"తెలిసి చెప్పలేదేందే!"

"చెప్తే మామూ ముంగట తల వంచుకొని కూసోవాలె. ఇట్లయితే నిమ్మళంగ మాట్లాడుకున్నం."

ఫోన్లోంచి అబ్బాయి అన్నాడు: "మా అబ్బాకు నేను చెప్త. నాకు పసందే. ఇగ వైఫై ఆన్ చెయ్, బామ్మర్దీ!"

ఆ క్షణానే ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా సరే, పెళ్లిచూపుల రోజు ల్యాప్‌టాప్ జోలికి పోను! ఆ మాట మీదే ఉన్నాను కూడా. కానీ ఈ మధ్య మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. అది నా వెంటపడి ఒకటే బతిమాలడం:

"భాయ్, నాకు సుత జర వైఫై బంద్ చెయ్యవా?"