గోల్కొండ ముట్టడికి ఒక్క పుస్తకం చాలదన్న మనిషి

మా పక్కింటి పెద్దబాపు పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశాడు. లాల్‌దర్వాజలో మా గల్లీ అంతా బాధపడుతోంది. నాకు బాధతో పాటు ఒళ్ళు మంటగా కూడా ఉంది. నా పని నట్టనడుమ వదిలేసి పోయాడు మరి.

ఆయన నయాపూల్ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చరిత్ర పుస్తకాలంటే పిచ్చి. గోల్కొండ ముట్టడి గురించి పిల్లలకు చిన్న పుస్తకం రాద్దామని, కొన్నేళ్ళ కింద, చదవడానికి మంచి పుస్తకం ఒకటి చెప్పమని ఆయన్నడిగాను. ఒకటి అన్నానా, దొరికిపోయాను.

"ఒక్క సాక్షిని పట్టుకొని తీర్పిస్తవా బిడ్డా? ఔరంగజేబు డేరాల కూసొని రాసినోడు ఒక తీరు రాస్తడు. కోటల చిక్కుకున్నోడు ఇంకో తీరు చెప్తడు. రెండూ తీస్కపో."

ఆయన పుస్తకాలు ఒంటిగా ఇచ్చేవాడు కాదు. ఒకదానికొకటి పడని రెండింటిని, కోర్టు కాగితాల మాదిరి ఎర్ర దారంతో కట్టి ఇచ్చేవాడు. ఇందులో ఒక అధ్యాయం, అందులో ఒక అధ్యాయం చదవాలట! ఒకసారి ముడి విప్పి సన్నటిదొక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. లుంగీ మీదే వెనకాల వచ్చి, లావుది నా చేతిలో పెట్టిపోయాడు. అమ్మ చాయ్ తాగమన్నా ఆగలేదు.

ఆయనతో పాత పుస్తకాల దుకాణానికి ఎవరైనా వెళ్ళి ఉంటే నా గోస తెలుస్తుంది. అట్ట చూడడు, పేరు చూడడు. ముందు చివరి పేజీలు తిప్పి, రాసినాయన ఎవరెవరిని చదివి రాశాడో వెతుకుతాడు. అది లేకపోతే "కిస్సా హై భాయ్, తారీఖ్ నై" అని పక్కన పడేస్తాడు. పక్కనున్న గిరాకీకి కూడా ఇది కట్టుకథ, చరిత్ర కాదు అని చెప్పేస్తాడు. దుకాణం భాయ్ నెత్తి కొట్టుకునేవాడు. "సాబ్, మీరు కొనరు, నన్ను అమ్ముకోనియ్యరు!"

నా రాత చూపించినప్పుడల్లా అదే లొల్లి.

"కోట తలుపు తీసినోన్ని ద్రోహి అని రాసినవ్. ఎవలు చెప్పిండ్రు నీకు? గెల్సినోళ్ళా, ఓడినోళ్ళా?"

"పెద్దబాపూ, నేను రాసేలోపు ఈ పిల్లలకు పెండ్లిళ్ళయితయ్!"

"కానియ్. ఆళ్ళ పిల్లలు చదువుతరు."

ఆయన పోరు లేకపోతే నేను సులువైన అబద్ధమే రాసి పిల్లల చేతిలో పెట్టేదాన్ని. అందుకే విసుక్కుంటూనే మళ్ళీ మళ్ళీ ఆ గుమ్మం ఎక్కాను. ఆయనంటే నాకు చాలా ఇష్టం. పోయిన నెల మొత్తం రాత ఆయనకిచ్చి, నువ్వు సరే అంటేనే అచ్చుకిస్తానని చెప్పాను. జవాబు చెప్పకముందే మంచం పట్టాడు.

మూడోనాడు వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీ రాత మొత్తం చదివిండు బిడ్డా. పిల్ల మంచిగ రాసింది, ఇగ అచ్చుకియ్యమను అన్నడు."

నాకు ఏడుపాగలేదు. ఆమె కొడుకు, నేను అన్నా అని పిలిచే ఆయన, మెల్లగా అన్నాడు. "బాపు చదవనే లేదమ్మా. అద్దాలు తే, రేపు చూస్త అన్నడు, గంతే."

"నేను నెత్తికాడ్నే కూసున్న గదరా."

"నేను కాళ్ళకాడ లేనా?"

ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు. పెద్దబాపు మంచానికి చెరోవైపు నిలబడి, ఇద్దరూ నా మొహంలోకే చూశారు.