కండువా దగ్గర ఆగిపోయిన రమ్మీ చాంపియన్

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళు ఎక్కువ, ఫిల్మ్ నగర్‌లో సినిమాలు తీసేవాళ్ళకంటే తీస్తామని చెప్పేవాళ్ళు ఎక్కువ, నాకు బుర్రకంటే నా మీద నమ్మకం ఎక్కువ. బండరాళ్ళు కాలక్రమంలో తగ్గాయి. తీస్తామని చెప్పేవాళ్ళు ఇంకా పెరిగారు. నా నమ్మకాన్ని మాత్రం గోదావరి జిల్లాలో ఒక ఊరి క్లబ్బువాళ్ళు ఒక్క పూటలో దించి పంపారు. (ఊరి పేరు చెప్పను. తర్వాత్తర్వాత అక్కడివాళ్ళతోనే వియ్యం కలిసింది.) ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతూనే ఉంటుంది. ఎవరి మీద అంటే ఎక్కువ భాగం నా మీదే.

తొంభైల మొదట్లో నేను ఒక దర్శకుడి దగ్గర కంటిన్యుటీ చూసే అసిస్టెంటుని. మేమందరం ఆయన్ని గురువుగారు అనేవాళ్ళం. ఒకే సీను నాలుగు రోజులు తీస్తారు కదా, మొదటి రోజు హీరో చొక్కాకి పై గుండీ ఊడి ఉంటే నాలుగో రోజూ ఊడే ఉండాలి, బల్లమీద గ్లాసులో టీ సగమే ఉంటే సగమే ఉండాలి. అది చూసుకోవడమే నా పని. సరిగ్గా చేసినంతకాలం ఎవరి కంటికీ ఆనదు, ఒక్కసారి తప్పితే రాష్ట్రమంతా థియేటర్లలో చూసి నవ్వుతుంది. అలాంటి పని అప్పటికి అయిదేళ్ళుగా చేస్తున్నాను. దాంతోపాటు క్లాప్ కొట్టడం కూడా నా నెత్తినే. నా తర్వాత మూడేళ్ళకి వచ్చిన నిర్మాతగారి మేనల్లుడు ఆరు నెలల్లో అసోసియేట్ డైరెక్టర్ అయిపోయి నాకే టీ పురమాయించడం మొదలుపెట్టాడు. అతగాడికి క్లాప్ బోర్డు ఏ వైపు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియదు. రోజూ ఆ మొహం చూస్తూ 'అసలు నాకు ఏ పనైనా వచ్చునా, రాదా?' అని కుమిలిపోయేవాణ్ణి.

ఒక్క రమ్మీ దగ్గర మాత్రం ఆ అనుమానం ఉండేది కాదు. షూటింగంటే తీయడం తక్కువ, ఎదురుచూడడం ఎక్కువ. మబ్బు పోవాలి, మేకప్ అవ్వాలి, హీరోగారి మూడ్ బాగుపడాలి. ఈలోగా జూబ్లీహిల్స్‌లో అద్దెకి తీసుకున్న ఏ బంగళా వెనకో, జనరేటర్ వ్యాను నీడలో దుప్పటి పరిచి పేక పంచేవాళ్ళం. ఎవరు ఏ ముక్క ఎత్తారు, ఏది పారేశారు, పారేసేముందు ఎంతసేపు తటపటాయించారు అన్నీ నాకు గుర్తుండిపోయేవి. గుండీలు గుర్తుపెట్టుకునేవాడికి ముక్కలు ఒక లెక్కా! లైట్‌మెన్లు, మేకప్‌మెన్, వంటవాళ్ళు అందరూ నా చేతిలో ఓడినవాళ్ళే. గోదావరి జిల్లా క్లబ్బులో రాష్ట్రస్థాయి రమ్మీ టోర్నమెంటు జరుగుతోందని తెలిసినప్పుడు నా దారి నాకు స్పష్టంగా కనిపించింది. సినిమాలకో దండం పెట్టి ఊరూరా టోర్నమెంట్లు ఆడుతూ బతికేయడమే.

ముందుగా ఈ సంగతి జనరేటర్ అన్నకి చెప్పాను. రహమత్ నగర్ మనిషి, వ్యాను అతనిదే, నా చేతిలో అందరికంటే ఎక్కువసార్లు ఓడిందీ అతనే.

"గాడికి పోయి ఏం జేస్తవ్ తమ్మీ?" అన్నాడు.

"ఏం చేస్తానేంటన్నా, గెలుస్తా."

"జర సోచాయించు. గీడ నువ్వెందుకు గెలుస్తున్నవ్? షాట్ ఎప్పుడు రెడీ అయితదో నీకొక్కనికే ఎరుక. మేమంత ఒక కన్ను లైట్ల మీద పెట్టి, ఇంకో కన్నుతోని ఆడుతం. గాడ షాట్లుండయ్, లైట్లుండయ్. అందరు రెండు కండ్లతోని ఆడుతరు."

ఓడినవాడి ఏడుపు అనుకున్నాను. ఆ సాయంత్రమే ఫిల్మ్ నగర్‌లో మా ప్రొడక్షన్ ఆఫీసుకి వెళ్ళి, గురువుగారి బల్లమీద రెండు పేజీల ఉత్తరం కవరులో పెట్టి వచ్చాను. 'నా ప్రతిభను గుర్తించలేని ఈ రంగంలో ఇకపై ఒక్క క్షణం కూడా ఉండలేను' అని మొదలుపెట్టి, మేనల్లుడి గురించి ఒక పేరా, నిర్మాత గురించి ఒక పేరా, ఆవేశం ఆగక గురువుగారి గురించి కూడా ఒక పేరా రాశాను. గెలిస్తే సరే, ఓడితే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తానన్న ఆలోచన ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

రైల్లో సీటు దొరకలేదు. విజయవాడ దాకా ఒంటికాలి మీద నిలబడి వెళ్ళాను. లాడ్జిలో ఫ్యాను తిరగదు, కుళాయి ఆగదు. రాష్ట్రస్థాయి అన్నారు కదా, తీరా చూస్తే చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళూ, నేనూ. పదింటికి మొదలవ్వాల్సిన ఆట ముఖ్య అతిథి కోసం పన్నెండు దాకా ఆగింది. ఆయన వచ్చి పేకాట వల్ల ఏకాగ్రత పెరుగుతుందని ముప్పావుగంట మాట్లాడాడు. నేను తప్ప అందరూ నిద్రపోయారు. తర్వాత క్లబ్బు సెక్రటరీ నిబంధనలు చదివాడు. ఎదుటివాడి వైపు వంగినా, చెయ్యి చాపినా ఆటలోంచి తీసేస్తామన్నాడు. అంత తెలివితక్కువ పని ఎవడు చేస్తాడని నవ్వుకున్నాను.

మొదటి రౌండు అవలీలగా గెలిచాను. రెండో రౌండులో నా ఎదురుగా ఒక రైసుమిల్లు పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల పంచె, ఎడమ భుజం మీద జరీ కండువా. భోజనాల వేళకి ఆయనకంటే నేనే ముందున్నాను. ఆట సగంలో ఆపి, ముక్కలు బోర్లా పెట్టి, పైన సెక్రటరీగారి సంతకం పెట్టిన కాగితం కప్పి అందరం పులిహోర తినొచ్చాం. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి పెద్దాయన కండువా కుడి భుజం మీద ఉంది.

నాకు గుండె ఝల్లుమంది. నిజం, ఇందులో అతిశయోక్తి లేదు. ఆటలో సగం ఎడమ భుజం మీద, సగం కుడి భుజం మీద! నా పని కాదు, నా షూటింగు కాదు అని నాకు నేను ఎంత చెప్పుకున్నా కళ్ళు అటే పోతున్నాయి. ఆయన ఏదో ముక్క పారేశాడు, అది ఆటీన్ రాణో, డైమన్ రాణో గుర్తులేదు. ఇంకేదో ఎత్తాడు, అదీ చూడలేదు. నాకు ఒక్క ముక్క పడితే షో చెప్పి ఆట గెలిచేయొచ్చు. ఆ ముక్క పోయిందో, ఉందో జ్ఞాపకం తెచ్చుకుందామంటే బుర్రనిండా కండువాయే. ఇంక ఉండబట్టలేక, "ఒక్క నిమిషం బాబాయ్‌గారూ, కదలకండి" అని లేచి, బల్లమీదుగా వంగి, ఆయన కండువా తీసి ఎడమ భుజం మీద వేసి, జరీ అంచు పైకి వచ్చేలా సర్దాను. సర్దేసి "ఓకే" అన్నాను కూడా.

వెంటనే సెక్రటరీ అరుపు.

"ఏవయ్యా, ఎదుటివాళ్ళ ముక్కలు చూడ్డానికి కండువా వంకా నీకు?"

"ముక్కలు చూడలేదండి. కంటిన్యుటీ అండి!"

"అంటే ఏదైనా జబ్బాండీ?" అన్నాడు పెద్దాయన, నిజంగా జాలిపడుతూ.

నన్ను ఆటలోంచి తీసేశారు. అంతటితో వదిలేసినా బాగుండేది. సినిమావాణ్ణని తెలియగానే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫలానా హీరోయిన్ నిజంగానే అంత తెల్లగా ఉంటుందా, హీరోగారిది సొంత జుట్టేనా అని రైలు వేళ దాకా ప్రాణం తోడేశారు. కప్పు గెలిచింది ఆ పెద్దాయనే. దాన్ని చంకలో పెట్టుకుని వచ్చి, "మా తమ్ముడికి మీ సినిమాలో ఓ వేషం చూడండి అబ్బాయిగారూ, నాటకాల్లో ధర్మరాజు వేస్తాడు" అన్నాడు. చూస్తానన్నాను. అంతకంటే ఏమనగలను?

తిరుగు రైల్లో (ఈసారి సీటు దొరికింది, అదే నాకు దక్కిన విజయం) డైరీ తీసి భవిష్యత్ ప్రణాళిక రాసుకున్నాను. వచ్చే ఏడాది నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆడాలి. ఎదుటివాడి మెడ కింద ఏముందో చూడకూడదు. గోవాలో ఆడాలి, అక్కడ కండువాలుండవు. ఖాజీపేట దాటాక పెన్ను ఆగిపోయింది. బల్లమీద ఉత్తరం గుర్తొచ్చింది. ముఖ్యంగా మూడో పేరా. ఆ పేరాలో గురువుగారిని ఏమేమి అన్నానో ఒక్కో మాటా గుర్తొస్తుంటే డైరీ మూసేశాను. ఇంటికెళ్ళి నాన్నకి ఏం చెప్పాలి? పనీ పోయె, పేకాటా పోయె.

పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ ఉత్తరం తీసేసుకుందామని ఆఫీసుకి పరిగెత్తాను. గురువుగారు అప్పటికే వచ్చి ఇడ్లీ తింటున్నారు. కవరు చింపి ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏరా, రెండ్రోజులు ఎక్కడ తగలడ్డావ్? ఇదేదో రాసి పెట్టావు. ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. ఆ కోడిగీతలేంట్రా?" అన్నారు.

"సె... సెలవు చీటీ అండి."

"సెలవుకి రెండు పేజీలా? బాగానే ఉంది. పో, వెళ్ళి క్లాప్ తియ్యి. ఆ మేనల్లుడు నిన్న హీరోయిన్‌కి ఒకే సీన్లో రెండు రకాల గాజులు వేయించాడు. నా ప్రాణాలు తోడేశారు మీరిద్దరూ కలిసి."

ఉత్తరం ఉండచుట్టి, ఇడ్లీ పొట్లంతోపాటు చెత్తబుట్టలో పడేశారు. నేను ఒక్క పరుగున సెట్టుకి వెళ్ళి పడ్డాను. నా దస్తూరి నా ఉద్యోగం కాపాడిందని, అంత పెద్దమనిషిని ఒక్క అబద్ధంతో బోల్తా కొట్టించానని రెండేళ్ళపాటు లోలోపల మురిసిపోయాను. జనరేటర్ అన్నకి కూడా గొప్పగా చెప్పుకున్నాను. అతను అంతా విని, "గట్లనా తమ్మీ?" అని మాత్రం అని, పేక కలుపుకున్నాడు.

ఆ రెండేళ్ళూ గడిచాక, గురువుగారు నన్ను అసోసియేట్‌ని చేసిన రోజున ఏదో పాత సీను వెతుకుతూ నా కంటిన్యుటీ రిపోర్టులన్నీ బయటికి తీశాను. ఏడేళ్ళ రిపోర్టులు, అన్నీ నా కోడిగీతలే. మేనల్లుడికి గానీ, ఎడిటర్‌కి గానీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, వాళ్ళు ఏదైనా కావాలంటే గురువుగారి చేత చదివించుకునేవారు. యూనిట్ మొత్తంలో నా దస్తూరి గడగడా చదవగలిగిన మనిషి ఆయన ఒక్కరే. ఆ రెండు పేజీల ఉత్తరం రాసిందీ ఇదే దస్తూరితో. మూడో పేరా గురించి క్షమాపణ అడగాలని ఆయన బతికున్నన్నాళ్ళూ అనుకున్నాను, అడగలేదు. అడిగినా 'ఏ ఉత్తరంరా?' అనే అనేవారు.