ఎడమ కాలి కొక్కెం

దోహాలో ఉన్న రెండేళ్ళ డైరీల్లో ఎక్కువగా అంకెలే ఉన్నాయి. సముద్రపు నీటి వేడి, వల దించిన లోతు, సీసా నంబరు. చమురు ధర పెరిగి ఊరంతా తవ్వి పోసిన రోజులవి. ఒక కంపెనీ జెట్టీ కట్టే ముందు, అక్కడి నీళ్ళలో ఏమేం బతుకుతున్నాయో రాసి ఇమ్మంది. అందుకోసం పెట్టిన చిన్న ల్యాబ్‌లో నేను బొమ్మలు గీసేవాణ్ణి. మా పెద్దాయన కాకినాడ వైపు మనిషి, జంతుశాస్త్రంలో డాక్టరు. అప్పటికే ఆయన చూపు మందగించింది. నేను మైక్రోస్కోపులో చూసి గీసిన బొమ్మను భూతద్దంతో పరిశీలించి ఆయన వర్ణన రాసేవారు.

వలలో క్రిల్ పడేది. చూడటానికి గోరంత రొయ్య. అయితే రొయ్యకు మొప్పలు పెంకు కింద దాగి ఉంటాయి, దీనికి కాళ్ళ మొదట్లో కుచ్చుల్లా బయటికే కనిపిస్తాయి. ఆ సముద్రంలో తెలిసిన జాతి ఒకటి ఉంది. మాకు దొరికినవాటికి కళ్ళు కాస్త పెద్దవి, కానీ కళ్ళు వయసుతో మారతాయి కనుక ఆ తేడా చాలదు. తేల్చేది మగదాని పొట్ట కింద మొదటి జత ఈత కాళ్ళు. వాటి లోపలి అంచున, జతకట్టడానికి, చిన్న కొక్కేలుంటాయి. ఒక్కో జాతికి ఒక్కో వంపు. పోల్చడానికి వీలుగా ఎవరైనా ఎడమ కాలినే గీస్తారు. తెలిసిన జాతిలో పెద్ద కొక్కెం లోపలికి వంగుతుంది. నా బొమ్మలో బయటికి వంగింది.

ఎదిగిన మగది మాకు ఒక్కటే దొరికింది.

డాక్టరుగారు ఆ బొమ్మ మీంచి తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. "ముప్పై ఏళ్ళుగా ఎవరో పెట్టిన పేర్లే సీసాల మీద రాస్తున్నానయ్యా. ఈ ఒక్కదానికి నేను పెట్టి రిటైరవుతాను" అన్నారు. ఆయన కాంట్రాక్టు ఇంకా రెండు నెలలే. ఇది కొత్త జాతి అని చెప్పే వ్యాసం టైపయింది. నేను సిరాతో బొమ్మ గీసి తెస్తే శనివారం పోస్టులో వేయడమే మిగిలింది.

శుక్రవారం సెలవు. అల్ మన్సూరా పేటలో మా గదిలో ట్రేసింగ్ కాగితం పరిచి కూర్చున్నాను. పక్క మంచం అతనిది జగిత్యాల దగ్గర పల్లె. బిల్డింగుల దగ్గర ఇనుప చువ్వలు వంచే పని.

"గా పురుగు ముచ్చట ఇంక ఒడువలేదా సారూ? గిసొంటియి దోసెడు తెచ్చినా ఒక్క పూట కూరకు సాలయి."

"కూరక్కాదు తమ్ముడూ. దీనికి కొత్త పేరు పెడుతున్నాం."

"మా కంపెనీల మనుషులకే పేర్లు లెవ్వు, నంబర్లే. పురుగుకు పేరా!" అని నవ్వుతూ వచ్చి వంగి చూశాడు. పాత జాతి బొమ్మ, నా బొమ్మ పక్కపక్కనే ఉన్నాయి.

"రెండుసార్లు ఎందుకు గీస్తున్నవ్? రెండూ ఒక్కటే కొక్కెం గదా."

"ఒకటి లోపలికి, ఒకటి బయటికి. సరిగ్గా చూడు."

"సూసిన సారూ. ఒకటి బోర్ల పెట్టినవు, ఒకటి ఎల్లెలకల. నేను గిట్ల వంచితే మా ఫోర్మన్ తిడ్తడు గని, తిప్పి పెడితే సరిపోతది."

పాత డైరీ తీశాను. ఆ మగదాని కాలు కోసిన రోజు పేజీలో నా రాతే ఉంది. 'ఎడమ కాలు సూది కింద తెగి పాడయింది. కుడిది తీశాను. గీసేటప్పుడు అద్దంలోలా తిప్పాలి.' మర్నాడే పడవ మీదికి పంపారు. మూడు రోజుల తర్వాత తిరిగి వచ్చి, తిప్పకుండా ఉన్నది ఉన్నట్టే గీసి, కింద 'ఎడమ' అని రాశాను.

సిరా సీసాకు మూత పెట్టాను, చేతులు కడుక్కున్నాను. ఆ పేజీ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకో మగది వలలో పడేదాకా ఎవరూ అడగరు.

శనివారం డాక్టరుగారి ముందు డైరీ, బొమ్మ రెండూ పెట్టాను. ఆయన టైపు కాగితాలు కవరులో సర్దుతున్నారు.

"ఇది కుడి కాలు సార్."

ఆయన పేజీ చదివారు. ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. వెలుతురులో కొక్కెం లోపలికి వంగి కనిపించింది.

"తిప్పాలి అని నువ్వే రాసుకున్నావు కదయ్యా."

"రాసుకున్నాను సార్."

ఆయన కోప్పడలేదు. సీసా తెమ్మన్నారు. చీటీ మీద పాత జాతి పేరు పెన్సిలుతో, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చారు. నమూనాలు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ తగిలి నా వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. చీటీ సరిగ్గా అంటిందో లేదో తెలియక రెండుసార్లు నొక్కాను.

సాయంత్రం గదిలో అతను అడిగాడు. "పేరు పెట్టిన్రా సారూ?"

"పాతదే."

"మంచిదే తీ. తిప్పి పెట్టిన్రన్నట్టు" అని స్నానానికి వెళ్ళాడు.

ఆనాటి పేజీలో నీటి వేడి ఉంది, సీసా నంబరు ఉంది. కింద 'పోస్టాఫీసు' అని పొద్దున్నే రాసుకున్న మాట మీద ఒక గీత ఉంది.