లచ్చయ్య తాత నాలుగో పాదం

మా పక్క క్వార్టర్ లచ్చయ్య తాత గోదావరిఖనిలో ముప్పై నాలుగేళ్లు బొగ్గు నింపాడు. చదివింది ఐదో తరగతి. చిరుతల రామాయణంలో వేషం కట్టిన రోజుల్లో పద్యం చెవికెక్కింది, అంతే. పెళ్లాం పోయి ఏడాది కావస్తుంటే ఆమె మీద ఒక తేటగీతి పద్యం కట్టాడు. సమాధి రాయి మీద చెక్కించాలని పట్టుదల. చెక్కేవాడు రేపు పొద్దున వస్తాడు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ని. అక్కడ నాకు అబ్బింది ఛందస్సు ఒక్కటే. అందుకని కాగితం నా చేతికిచ్చి తప్పుంటే చెప్పమన్నాడు.

మూడు పాదాలు బాగా నడిచాయి. వేణ్నీళ్ల బకెట్, షిఫ్టు ముగిసిన సైరన్, తలుపు గడియ. ఏడుపు అన్న మాట ఎక్కడా లేదు, అయినా వాటినే మళ్లీ చదివాను. నాలుగో పాదం మాత్రం కుంటింది: "బాయి దిగి రాగ వాకిలందు". బాయి అంటే బొగ్గుగని. తేటగీతిలో పాదానికి ఐదు గణాలుండాలి, ఇక్కడ నాలుగే. మధ్యలో ఒక ఇంద్రగణం లేదు. పైగా వాకిట్లో నిలబడ్డది ఎవరో పద్యం మొత్తంలో లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సాయంత్రం దాకా తాత ఇంట్లోనే కూర్చుని పదాలు వెతికాం. 'ఇల్లాలు' అంటే పుస్తకాల మాటన్నాడు. 'నా దేవి' అంటే నవ్వాడు. ఆమె వింటే చీపురు అందుకునేదట.

"పేరు పెట్టు తాతా. నర్మద. ఒక గురువు, రెండు లఘువులు. సరిగ్గ పడుతది."

ఆయన కాగితం వైపు చూడలేదు. పెళ్లాం పేరు మొగుడు నోట పలికితే ఆమె ఆయుష్షు తగ్గుతుందని పెళ్లినాడే తాత వాళ్లమ్మ చెప్పిందట. నలభై ఒక్కేళ్లు ఆ పేరు పలకలేదు, కొడుకు పుట్టినప్పటి నుంచి రవి వాళ్లమ్మ అన్నట్టు 'రవి అవ్వా' అనే పిలిచాడు. ఆస్పత్రిలో చివరి రోజు కూడా అంతే.

"ఇంకేం తగ్గుతది?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు.

"రాస్తే రాద్దాం పిలగా. నోటితోని పలకాల్నా?"

"పలికితెనే గదా పాదం నడిసిందో లేదో ఎరుకయ్యేది."

గొంతు సవరించుకుని మొదటి పాదం నుంచి ఎత్తుకున్నాడు. నాలుగో దాంట్లో 'రాగ' దగ్గర ఆగాడు. తర్వాత ఆ పేరు పలికాడు, మెల్లగా. మిగతా రెండు గణాలు చదవలేదు. మళ్లీ పేరే అన్నాడు. లయ పోయింది, నేను లెక్కపెట్టడం మానేశాను. మూడోసారి లోపలి గది వైపు తిరిగి, కొంచెం గట్టిగా, పనిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు.