దున్నకు కళ్ళు

ఎనామిల్ రంగు వాసన తగిలితే ఇప్పటికీ వేళ్ళు కొంగుకు తుడుచుకుంటాను.

చమురు పొంగిన రోజుల్లో, ఖతార్‌లో నాన్న ఒక షేక్ విల్లాకు పెయింటరు. చిన్నపిల్లను, నేనూ ఆయనతో అక్కడే ఉండేదాన్ని. ఆఫ్రికాలో అడవిదున్నల వేటకని ఆ షేక్, మెత్త తూటా ఎముకకు తగిలి చితికిపోతుందని గట్టి తూటాలు ఎంచుకుని, ఎడారిలో రైఫిల్ గురి చూసుకునేవాడు. గురికోసం నాన్న చెక్కమీద దున్నను గీశాడు. మాది తరతరాలుగా బొమ్మలు రాసే ఇల్లు. నాన్న ఆ దున్నకు కళ్ళు మాత్రం పెట్టలేదు. మరిచిపోయాడనుకుని నేను పెట్టాను.

సాయంత్రం చెక్క తిరిగొచ్చింది. కళ్ళ మధ్య నా వేలు పట్టేంత రంధ్రం.

“కండ్లు ఎవలు పెట్టిండ్రు?” అన్నాడు నాన్న.

“నేనే. నువ్వు మర్సిపోయినవని.”

“మర్వలే బిడ్డా. కండ్లు పెడితే పానం వస్తది.”

చెక్కను గోడవైపు తిప్పి, నా వేళ్ళకంటిన నలుపును కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. తర్వాత తన చేతులూ చాలాసేపు తుడుచుకున్నాడు. వాటికి రంగేమీ లేదు.